పాత హోండా ఏటీసీ 110ని తక్కువ ఖర్చులో మళ్లీ నడిపించడం ఎలా?

అమెరికాలో ఊరి బయట నాలుగెకరాలు కొనుక్కున్న మనవాళ్లకు పాత షెడ్డులోనో, పక్కింటి పెద్దాయన గరాజ్ సేల్‌లోనో ఈ బండి కనిపించడం వింతేమీ కాదు. మూడు లావుపాటి టైర్లు, వెలిసిపోయిన ఎర్ర మడ్‌గార్డులు, ఎలకలు కొరికిన సీటు. ఇనప సామాను రేటుకే ఇచ్చేస్తానంటారు. తీసుకోవచ్చా, తీసుకుంటే ఎంత పెట్టాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి. చలికాలంలో మోటార్‌సైకిళ్లు అమ్ముడుపోవట్లేదు, మంచులోనూ ఇసుకలోనూ తిరిగేది ఏదైనా కావాలని అమెరికా విభాగం అడిగితే, హోండా ఇంజనీర్ ఒసాము తకెయుచి ఈ మూడు చక్రాల బండిని రూపొందించాడు. 1970లో యూఎస్ 90 పేరుతో వచ్చింది, తర్వాత ఏటీసీ 90 అయింది. దాని తర్వాతిదే 1979 నుంచి 1985 వరకు తయారైన ఏటీసీ 110. ఏటీసీల్లో 200ఎక్స్, 250ఆర్ లాంటి వేగమైనవి చాలా వచ్చాయి. కానీ చేతిలో డబ్బు తక్కువ, అనుభవమూ తక్కువ అయితే 110నే ఎంచుకోండి. రేడియేటర్ లేదు, బ్యాటరీ లేదు, షాక్ అబ్జార్బర్లు కూడా లేవు. కుదుపంతా టైర్లే మింగుతాయి. 105 సీసీ ఇంజన్, సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. మన దగ్గర హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ విప్పి చూసినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు, అదే కుటుంబం. భాగాలు అటూ ఇటూ సరిపోతాయని కాదు. టాపెట్లు (వాల్వ్‌లను నొక్కే చోట ఉండే సర్దుబాటు స్క్రూలు) ఎక్కడుంటాయి, టైమింగ్ చెయిన్ ఎటు పోతుంది, క్లచ్ కవర్ వెనక ఏముంటుంది అన్నది మాత్రం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

డబ్బు లెక్క ముందే వేసుకోండి

తక్కువ ఖర్చు అంటే అన్నీ చౌకవి కొనడం అనుకుంటారు చాలామంది. కార్బొరేటర్, రబ్బరు గ్రిప్పులు, మెరిసే సైలెన్సర్ మొదటి వారంలోనే ఆర్డర్ పెట్టేస్తారు. తీరా యాక్సిల్ బేరింగులు అరిగాయని తెలిసేసరికి జేబు ఖాళీ. పద్ధతి తిరగెయ్యాలి. బండి ఆగడానికి, తిన్నగా పోవడానికి కావలసినవి ముందు. ఇంజన్ తర్వాత. అందం చిట్టచివర. మొదటి వాటిలో ఒక్క డాలరు కూడా మిగుల్చుకోకండి, చివరిదానికి డబ్బు మిగలకపోయినా బాధపడకండి.

బండి ధర కాకుండా 600 డాలర్లు అనుకుందాం. అందులో 250 టైర్లకు. దుకాణాన్ని బట్టి ఒక్కొక్కటి 60 నుంచి 90 దాకా ఉంటుంది, ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇదే. 120 బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేక్ షూలకు. 100 కార్బొరేటర్ సామాను, ప్లగ్, ఆయిల్, కేబుళ్లకు. మిగతా 130 ముట్టుకోకండి. విప్పాక బయటపడేదానికి అది కావాలి, ఏదో ఒకటి బయటపడకుండా ఉండదు.

కొనే ముందు చూడాల్సినవి

ఇంజన్ స్టార్ట్ అవుతుందా అన్నది చివరి ప్రశ్న. ముందు ఒక టార్చిలైటు, వైరు బ్రష్షు పట్టుకుని ఫ్రేమ్ కింద పడుకోండి. హ్యాండిల్ మెడ దగ్గర, ఫుట్‌పెగ్‌లు అతికిన చోట, వెనక యాక్సిల్‌ను పట్టుకునే భాగంలో మట్టి గీకి చూడండి. పెయింటులో సన్నటి గీత, దాని పొడవునా తుప్పు రంగు చార కనిపిస్తే అది పగులు. కింది గొట్టాలను స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్నది మొద్దుగా పలుకుతుంది. చిన్న పగులైతే తెలిసిన వెల్డర్ సరిచేస్తాడు. మెడ దగ్గర పగిలినదాన్ని, గొట్టం పుచ్చినదాన్ని వదిలేయండి, ఉచితంగా ఇచ్చినా వద్దు.

తర్వాత వెనక భాగాన్ని పైకి లేపి దిమ్మ పెట్టి, ఒక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని కదిలితే బేరింగులు పోయినట్టే. అది పెద్ద ఖర్చు కాదు, బేరం ఆడటానికి పనికొస్తుంది. రెండు చక్రాలనూ చెరో వైపు తిప్పి చూడండి. ఇది ఒకే ముక్క యాక్సిల్, డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) లేదు, కాబట్టి రెండూ కలిసే తిరగాలి. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే హబ్‌లో పళ్లు అరిగాయి. ఇది మాత్రం ఖరీదైన సంగతే, హబ్బూ యాక్సిలూ రెండూ వెతుక్కోవాలి.

స్టార్టర్ తాడును నెమ్మదిగా లాగండి. చేతికి ఒకచోట బరువు తగిలి, దాటాక వదులైతే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) ఎంతో కొంత ఉంది. తాడు అసలు కదలకపోతే పిస్టన్ పట్టేసి ఉండొచ్చు. దానికి మందు ఉంది, కింద చెప్తాను.

కాగితాలు మర్చిపోకండి. టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టైటిల్ లేకపోతే ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు రాసుకుని, దొంగబండి కాదని పోలీసుల దగ్గర నిర్ధారించుకుని, అమ్మినవాళ్ల సంతకంతో రసీదు రాయించుకోండి. ఇంకొక భయం చాలామందికి ఉంటుంది, ఈ బండ్లను నిషేధించారు కదా అని. ప్రమాదాలు ఎక్కువయ్యాక అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌తో 1988లో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు కొత్త మూడు చక్రాల ఏటీవీలు (ఎలాంటి నేల మీదైనా తిరిగే బండ్లు) అమ్మడం మానేశాయి. 2008లో వచ్చిన చట్టం కొత్తవాటి దిగుమతినీ అమ్మకాన్నీ ఆపింది. పాతది దగ్గర పెట్టుకోవడానికి, బాగుచేసుకోవడానికి అది అడ్డు కాదు. కానీ అవి ఎందుకు ఆగిపోయాయో మనసులో పెట్టుకునే ఈ పనిలోకి దిగాలి.

ఏమీ కొనకుండా రోగం కనుక్కోండి

బండి ఇంటికొచ్చింది. కడగండి, ఎండనివ్వండి, అన్ని వైపులా ఫోన్‌లో ఫొటోలు తీయండి. వైర్లు ఎటు పోతున్నాయి, కేబుల్ ఏ సందులోంచి వెళ్తోంది అన్నది రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. హోండా సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. పాత కాపీ అయినా పర్లేదు, దానికి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. కింద నేను చెప్పే కొలతలను కూడా మీ బండి సంవత్సరం మాన్యువల్‌తో సరిచూసుకోండి.

పిస్టన్ పట్టేసి ఉంటే ప్లగ్ తీసి, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి ఆ రంధ్రంలో పోసి వదిలేయండి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, గరాజ్ తలుపు తీసి ఉంచండి, దగ్గర్లో హీటర్ వద్దు. సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి బండి ముందుభాగం ఎత్తి పెడితే ఆ మందు పిస్టన్ దాకా చేరుతుంది. రోజూ కాస్త పోస్తూ, ఫ్లైవీల్ నట్టు మీద స్పానర్ వేసి వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కి కదిలించండి. బలం పెట్టొద్దు. వారం పట్టినా ఓపిక పట్టండి.

ఇంజన్ తిరుగుతుంటే స్పార్క్ చూడండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి దాని లోహపు ఒంటిని ఇంజన్ ఫిన్‌కు ఆనించి తాడు లాగండి. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పని చేయకండి. నీలిరంగు నిప్పు రావాలి. రాకపోతే కాయిల్ కొనడానికి పరిగెత్తొద్దు. ముందు కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) వైరు విడదీసి మళ్లీ లాగండి, నలభై ఏళ్ల స్విచ్ లోపల తుప్పు పట్టి ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండిపోవడం చాలా మామూలు. తర్వాత ప్లగ్ క్యాప్, ఆపైన ఎలకలు కొరికిన వైర్లు, ఫ్రేమ్‌కు ఎర్త్ కలిసే చోటు. మీది పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) ఉన్న రకమైతే వాటి ముఖాలను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, 0.3 నుంచి 0.4 మి.మీ. గ్యాప్ పెట్టండి. చాలా బండ్లకు ఇక్కడే ప్రాణం వస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

కంప్రెషన్ గేజ్ ఆటో పార్టుల దుకాణాల్లో అద్దెకు ఇస్తారు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పైకి కదలనంతవరకు తాడు లాగండి. 120 పీఎస్‌ఐ దాటితే పైభాగం విప్పే పని పెట్టుకోకండి. 90 లోపే ఆగితే చెంచాడు ఇంజన్ ఆయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి మళ్లీ చూడండి. ఈసారి బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్‌ల దగ్గర లీక్. అది కూడా టాపెట్ సెట్టింగ్ సరిచేశాక మరోసారి కొలిచే దాకా తేల్చేయకండి.

స్క్రూల సంగతి

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా ఇక్కడే పోతుంది. హోండా ఇంజన్ కవర్ల మీదుండే ప్లస్ గుర్తు స్క్రూలు మామూలు ఫిలిప్స్ కావు, జపాన్ ప్రమాణం జేఐఎస్ రకం. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన వాటి గాడిలో అడుగుదాకా దిగదు. బలంగా తిప్పితే పైకి జారి గాడి అంచులు గీసుకుపోతాయి. రెండుసార్లు జారిందంటే గాడి గుండ్రంగా గిన్నెలా అయిపోతుంది, ఇక ఏ డ్రైవరూ పట్టదు. తర్వాత డ్రిల్ వేయాలి, అల్యూమినియం థ్రెడ్డు పాడవుతుంది, కొత్త థ్రెడ్డు వేయించాలి. ఒక్క స్క్రూకు ఇంత తతంగం. జేఐఎస్ డ్రైవర్ సెట్, సుత్తితో కొడితే తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ కొనండి. రెండూ కలిపి ముప్పై నలభై డాలర్లు. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి, పొద్దున స్క్రూ తల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, అప్పుడు తిప్పండి. టక్ మని వదిలే చప్పుడు వినిపిస్తుంది.

తీసిన ప్రతి కవర్ స్క్రూలను ఒక అట్టముక్క మీద ఆ కవర్ ఆకారం గీసి, అవే స్థానాల్లో గుచ్చండి. పొడవులు వేర్వేరుగా ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల ఏదో ఒకటి పగులుతుంది. బిగించేటప్పుడు 6 మి.మీ. బోల్టులకు 10 న్యూటన్ మీటర్లు చాలు, అల్యూమినియం అంతకు మించి ఓర్చుకోదు.

బ్రేకు, యాక్సిల్, హ్యాండిల్

అసలు పని ఇది. వెనక డ్రమ్ తెరిచేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడిని గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఈ బండ్లు బురదలో, వాగుల్లో తిరిగినవి. డ్రమ్ లోపల నీళ్లు చేరి షూలు ఊడిపోయి, బ్రేక్ తిప్పే క్యామ్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. క్యామ్‌ను బయటకు తీసి, రుద్ది, పలచగా గ్రీజు రాసి పెట్టండి. కొత్త షూలు, కొత్త సీళ్లు వేయండి. పాత సీల్‌ను శుభ్రం చేసి వాడుకుందామని అనుకోవద్దు, మొదటి వానకే నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి.

బేరింగుల దగ్గర నిజంగానే డబ్బు మిగులుతుంది. బేరింగ్ అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. బండి పేరు చెప్పి కిట్ కొనకుండా, ఆ నంబరుతో బేరింగులు అమ్మే దుకాణానికి వెళ్లండి. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడగండి, అంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది. పేరున్న కంపెనీదే తీసుకోండి. పాతదాన్ని కొట్టి బయటికి తీశాక, కొత్తది పెట్టేముందు ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే కాస్త కుంచించుకుని సులువుగా దిగుతుంది. కొట్టేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి, లోపలి రింగు మీద పడితే కొత్త బేరింగే పాడవుతుంది. సరిపోయే సాకెట్ ఒకటి ఆనించి కొట్టండి. యాక్సిల్ నట్లకు పాత స్ప్లిట్ పిన్నులు మళ్లీ వాడకండి.

హ్యాండిల్ మెడ విప్పేటప్పుడు కింద పాత దుప్పటి పరవండి, లోపల గోళీలు విడిగా ఉంటే రాలి గరాజంతా దొర్లిపోతాయి. గుంటలు పడ్డ గోళీలను మార్చి, కొత్త గ్రీజు పెట్టి, అటూ ఇటూ సాఫీగా తిరిగేలా, ముందుకూ వెనక్కీ కదలిక లేకుండా బిగించండి. బొటనవేలితో నొక్కే థ్రాటిల్ కేబుల్ తప్పకుండా కొత్తది వేయండి. హ్యాండిల్‌ను ఎడమ చివరకు, కుడి చివరకు తిప్పి, ప్రతి చోటా థ్రాటిల్ నొక్కి వదలండి. టప్పున వెనక్కి రావాలి. ఒక్కచోట మెల్లగా వచ్చినా కేబుల్ దారి మార్చే దాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

చెయిన్ సైజు దాని పక్క పలక మీదే కొట్టి ఉంటుంది. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు వాలిపోయి ఉంటే చెయిన్‌తో పాటు రెండు స్ప్రాకెట్లూ మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే కొత్తది కూడా త్వరగా పోతుంది.

టైర్లు

ఈ బండికి సస్పెన్షన్ టైరే కాబట్టి, ఎండి పగిలిన టైరుతో నడపడం అంటే విరిగిన స్ప్రింగుతో నడపడమే. 110కి మూడు చక్రాలకూ ఒకే సైజు, 22x11-8. వెనక రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కావాలి. గాలి నింపాక టేపుతో చుట్టుకొలత కొలవండి. రెండింటికీ తేడా ఉంటే, ఒకే ముక్క యాక్సిల్ కాబట్టి, బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది.

గాలి 2.2 పీఎస్‌ఐ మాత్రమే. మామూలు కారు గేజ్‌కు ఇంత తక్కువ తెలియదు, ఏటీవీల కోసం అమ్మే తక్కువ ప్రెషర్ గేజ్ కొనండి. ఎక్కువ గాలి కొడితే బండి బంతిలా ఎగురుతుంది, పట్టు పోతుంది. టైరు అంచు రిమ్‌లో కూర్చోవడం లేదంటే సబ్బునీళ్లు రాసి, టైరు చుట్టూ బిగించే పట్టీ వేసి, మధ్యలో నొక్కుకుపోయేలా లాగి, అప్పుడు గాలి పెట్టండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ ప్రెషర్ దాటొద్దు. స్ప్రే కొట్టి నిప్పంటించి టైరు కూర్చోబెట్టే వీడియోలు చాలా తిరుగుతున్నాయి, ఆ పని ఎప్పుడూ చేయకండి. రిమ్ రెండు ముక్కలను బోల్టులతో కలిపిన రకమైతే, గాలి మొత్తం తీశాకే బోల్టుల మీద చెయ్యి వేయండి.

కార్బొరేటర్, ట్యాంకు

ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోల్ కార్బొరేటర్‌లో బంక కడుతుంది. చౌక నకలు కార్బొరేటర్లు పాతిక ముప్పై డాలర్లకే దొరుకుతాయి కానీ, వాటి జెట్లు (పెట్రోల్‌ను కొలతగా వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు) మీ ఇంజన్‌కు సరిపోయేలా రావు. ట్యూనింగ్‌తోనే నెల గడిచిపోతుంది. పాత కెయిహిన్ కార్బొరేటర్ పగలకుండా ఉంటే దాన్నే కడగండి. గిన్నె విప్పి, మెయిన్ జెట్, పైలట్ జెట్ రెండూ బయటకు తీయండి. పైలట్ జెట్‌ను దీపానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూడండి, సూదిమొనంత గుండ్రటి వెలుగు కనిపించాలి. కనిపించకపోతే క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో పొడవండి. స్టీలు తీగ వాడితే రంధ్రం పెద్దదై ఐడ్లింగ్ ఇక ఎప్పటికీ కుదరదు. రంధ్రాలన్నిట్లో క్లీనర్ కొట్టి, రెండో వైపు ధార రావడం చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ధార సూటిగా మొహం మీదికి వస్తుంది. గాస్కెట్, ఫ్లోట్ నీడిల్ కొత్తవి వేయండి.

ట్యాంకు ఇనపదైతే, లోపల తుప్పుంటే, తెల్ల వెనిగర్ నిండా పోసి ఒకరోజు ఉంచి, గుప్పెడు నట్లు వేసి ఊపండి. తర్వాత నీళ్లు, ఆపై తినేసోడా కలిపిన నీళ్లు, మళ్లీ నీళ్లు. వెంటనే ఆరబెట్టి లోపలంతా నూనె పట్టించాలి, లేకపోతే గంటలో ఎర్రగా మారుతుంది. ప్లాస్టిక్ ట్యాంకైతే ఈ బాధ లేదు, పెట్రోల్ కాక్ జల్లెడ కడిగి పైపు మార్చితే చాలు. కొత్త పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి చేతిలో పొడిపొడి అయితే కొత్తది వేసి, నూనె పట్టించి పెట్టండి. అది లేకుండా దుమ్ములో తిప్పితే కొత్త రింగులు కూడా ఎక్కువ కాలం బతకవు.

టాపెట్లు, ఆయిల్, క్లచ్

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా ఫ్లైవీల్ మీద టి గుర్తు గీతకు కలిసేలా తిప్పండి. రెండు టాపెట్లూ వదులుగా ఉంటే సరైన స్ట్రోక్‌లో ఉన్నట్టు, లేకపోతే ఇంకో చుట్టు తిప్పాలి. గ్యాప్ రెండింటికీ 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ లాగుతుంటే కాస్త పట్టి వదిలినట్టు ఉండాలి. నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడే స్క్రూ కదులుతుంది.

ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయి. తక్కువ ధర ఆయిల్ పోసి కాసేపు నడిపి తీసేసి, ఆ తర్వాత మంచిది పోయండి. క్లచ్ ఇదే ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది, కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న మోటార్‌సైకిల్ ఆయిలే వాడాలి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. దీనికి కాగితం ఫిల్టర్ ఉండదు. క్లచ్ కవర్ తీసినప్పుడు లోపలి జల్లెడ కడగడం మర్చిపోవద్దు, అడుగున నల్లటి మడ్డి ఉంటుంది.

క్లచ్ లివర్ లేదు, గేర్ పెడల్ నొక్కితే క్లచ్ దానంతటదే వదులుతుంది. గేర్ పడేటప్పుడు బండి ఎగిరిపడుతుంటే కవర్ మీదున్న సర్దుబాటు స్క్రూ నట్టు వదులు చేసి, స్క్రూకు బరువు తగిలే దాకా తిప్పి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తెచ్చి బిగించండి.

దొరకని భాగాలు

హోండా చాలా భాగాలు ఆపేసింది. కానీ హోండా భాగం నంబరు మూడు గుంపులుగా ఉంటుంది, మధ్య గుంపు ఆ భాగం మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెబుతుంది. బండి పేరుతో కాక, పూర్తి నంబరుతో వెతకండి. అదే భాగం సీటీ 110 ట్రయల్ బండిలోనో, మరో ఏటీసీలోనో వాడి ఉంటే ఆ పేరు మీద తక్కువ ధరకు దొరుకుతుంది. ఏటీసీ 110, సీటీ 110 ఇంజన్ల బోరూ స్ట్రోకూ ఒకటే, అందుకని పిస్టన్, రింగుల కోసం వెతికేటప్పుడు రెండు మాన్యువళ్లూ పక్కపక్కన పెట్టుకోండి. అంతా విరిగిన ఇంకో 110 చౌకగా దొరికితే అదొక నిధి, సగం భాగాలు దాన్నుంచే వస్తాయి.

మడ్‌గార్డు పగిలితే జిగురు అంటదు. పగులు రెండు వైపులా చిన్న రంధ్రాలు వేసి ప్లాస్టిక్ టైలతో కుట్టండి, బలంగా నిలుస్తుంది. సీటుకు కొత్త స్పాంజి కోసి, తొడుగు ఎండలో వేడెక్కాక లాగి బిగిస్తే ముడతలు రావు. ఫ్రేమ్‌కు డబ్బా పెయింట్ చాలు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెంటనే వెల్డింగ్ చేయించకండి, క్లోరిన్ ఉన్న రకాలు వేడికి విషవాయువు అవుతాయి.

మొదటి స్టార్ట్, మొదటి చుట్టు

బయట, చదునైన చోట, న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. పొగ కాసేపు వస్తుంది, సిలిండర్‌లో పోసిన నూనె అది. వేడెక్కాక కూడా నీలిపొగ ఆగకపోతే రింగుల సంగతి మళ్లీ చూడాలి. కిల్ స్విచ్ పనిచేస్తోందో లేదో అప్పుడే నొక్కి చూడండి.

నడపడం గురించి నేను గట్టిగా చెప్పేది ఒకటే, దీన్ని మోటార్‌సైకిల్ అనుకోకండి. బైకును వంచి తిప్పినట్టు ఇది తిరగదు, వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి తిన్నగానే పోతానంటుంది. మలుపులో ఒళ్లు లోపలికి వంచి, బరువును బయటివైపు ఫుట్‌పెగ్ మీద మోపాలి. అప్పుడు లోపలి చక్రం తేలికై మలుపు తిరుగుతుంది. కాలు కింద పెట్టడం అలవాటుగా వచ్చేస్తుంది, ఈ బండి మీద అది చాలా ప్రమాదం. నేలకు ఆనిన పాదాన్ని వెనక టైరు తొక్కి, కాలిని లోపలికి లాగేస్తుంది. రెండు కాళ్లూ పెగ్‌ల మీదే ఉండాలి. గడ్డి నేల మీద, మొదటి గేర్‌లో, ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పుతూ ఈ బరువు మార్పు ఒంటికి పట్టే దాకా సాధన చేయండి. తారు రోడ్డు మీద వద్దు, ఏటవాలు గట్టుకు అడ్డంగా వద్దు. హెల్మెట్, చీలమండలు కప్పే బూట్లు లేకుండా ఎక్కొద్దు. వెనక ఇంకొకరిని ఎక్కించుకోవద్దు.

చూడటానికి చిన్నగా, ముద్దుగా ఉంటుంది కాబట్టి పిల్లలు అడుగుతారు. వేసవికి వచ్చిన బావమరిది కొడుకు అడుగుతాడు, పార్టీకి వచ్చిన స్నేహితుడి కూతురు అడుగుతుంది. పదహారేళ్లు నిండనివాళ్లకు ఇవ్వకండి. ఎంత బతిమాలినా, ఒక్క రౌండే అన్నా, మీరు పక్కనే ఉన్నా. తాళం లేని బండి అయితే పని అయ్యాక ప్లగ్ క్యాప్ తీసి లోపల దాచండి.

అడవి దారుల్లోకి తీసుకెళ్లాలంటే సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉండాలి, ప్రభుత్వ అటవీ భూముల్లో అది తప్పనిసరి. పాత జాలీ ఊడిపోయి ఉంటే ముందే పెట్టించుకోండి.

మొదటి గంట తిప్పాక బండి ఆపి, చల్లారనిచ్చి, యాక్సిల్ నట్లు, చక్రాల నట్లు, ఇంజన్‌ను ఫ్రేమ్‌కు బిగించే బోల్టులు ఒక్కొక్కటీ స్పానర్ వేసి చూడండి. కొత్త చెయిన్ సాగి ఉంటుంది, సరిచేయండి. టాపెట్లు మళ్లీ కొలవండి. ఆయిల్ తీసి వడగట్టి చూడండి, సన్నటి వెండి పొడి ఉంటే పర్లేదు, ముక్కలుంటే కవర్ మళ్లీ విప్పాల్సిందే. పక్కన పెట్టిన ఆ 130 డాలర్లలో ఏమైనా మిగిలితే, సీటు తొడుగు సంగతి ఇప్పుడు ఆలోచించవచ్చు.